కట్ట మీద అనరాని మాట

నేను పేపర్లు దిద్దుతున్నప్పుడు ఇంట్లో ఎవరూ నన్ను పలకరించరు. పలకరిస్తే ఏమవుతుందో వాళ్ళకు బాగా తెలుసు. ఆత్మకూరులో సి.ఎ. ఇంటర్ పిల్లలకు ఆడిట్ పేపరు చెబుతాను నేను. సెక్షన్ నంబరు మరిచిపోతే ఊరుకుంటాను. చేతిరాత కోడి గెలికినట్టున్నా ఊరుకుంటాను. కానీ కంపెనీ లెక్కలన్నీ కుళ్ళి కంపు కొడుతున్నాయని ప్రశ్నలోనే ఇచ్చినా, కింద నింపాదిగా 'ఫలానా విషయం తప్ప మిగతాదంతా సక్రమంగా ఉంది' అని రాసుకొచ్చే పిల్లల్ని చూస్తే మాత్రం ఒళ్ళు మండిపోతుంది. మొన్న ఒకమ్మాయి ఏకంగా 'క్వాలిఫైడ్ లేదా అడ్వర్స్', అంటే ఇది తప్ప బాగుంది లేదా అసలే బాగలేదు, అని రెండూ రాసి పెట్టింది. "ఏది తల్లీ? దిద్దేవాడు తనకు నచ్చింది ఏరుకోవాలా? ఇదేమన్నా టిఫిన్ సెంటరా?" అన్నాను. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఏ ఊరు నీది అని అడిగితే సీతారామపురం దగ్గర పల్లె పేరు చెప్పింది. ఇంక తిట్టకుండా పేపరు తిరిగిచ్చేశాను. మాదీ ఆ పక్కే. ఆ పక్క పిల్లల చేత చెడ్డమాట రాయించడం ఎంత కష్టమో నాకు తెలుసు.

మా ఇళ్ళలో బియ్యం అయిపోయాయని ఎవరూ అనరు, నిండుకున్నాయంటారు. దీపం ఆరిపోయిందని అనరు, కొండెక్కిందంటారు. గడప దాటుతూ 'పోతున్నా' అన్నామంటే, అవ్వ వెనక్కి పిలిచి కూర్చోబెట్టి, చెంబుడు నీళ్ళు తాగించి, 'పోయొస్తా' అనిపించి మరీ పంపేది. చావుబతుకుల మధ్య ఉన్న మనిషిని చూసొచ్చి "కాస్త నలతగా ఉండాది, అంతే" అనేది. మాది తాతముత్తాతల నాటి నుంచీ బాప్టిస్టు కుటుంబం. చర్చి మారింది, ప్రార్థన మారింది గానీ ఈ నోటి భయం మాత్రం ఎక్కడికీ పోలేదు. చెడ్డమాట ఒకసారి బయటికొస్తే అది వెళ్ళి ఎక్కడో కూర్చుని, అదను చూసుకుని నిజమవుతుందని మావాళ్ళ నమ్మకం.

అన్నిటికంటే గట్టి కట్టడి చెరువు కట్ట మీద. మా పల్లె ఇళ్ళన్నీ ఆ కట్ట కిందే ఉండేవి. నాయన ఆ చెరువుకు నీరుగంటి. తూము తెరవడం, మూయడం, కట్టను కనిపెట్టి ఉండటం ఆయన పని. తాత చేసిన పని అదే, తాత వాళ్ళ నాయన చేసిందీ అదే. ఆదివారం చర్చిలో అందరికంటే గొంతెత్తి పాడే మనిషి, కట్ట ఎక్కేటప్పుడు మాత్రం చెప్పులు కింద వదిలేసి ఎక్కేవాడు. కట్ట మీద నిలబడి 'తెగుద్ది' అనే మాట ఎవరూ అనకూడదు. చిన్నప్పుడు ఆడుకుంటూ "అవ్వా, నా చెప్పు తెగిపోయింది" అని కట్ట మీద నుంచి అరిచినందుకు, అవ్వ పరిగెత్తుకొచ్చి నా నోటి మీద ఒక్కటిచ్చింది. ఆ దెబ్బకు పెదవి చిట్లింది. ఎందుకు కొట్టిందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అలాంటి నోరు వేసుకుని ఆత్మకూరు బస్టాండు పక్కన, మందుల షాపు మేడ మీద నడిచే ట్యూషన్‌లో ఆడిట్ నేర్చుకోవడానికి చేరాను. ఆ పేపరు రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పిన దాన్ని. అక్కడి మాస్టారు బక్కపల్చటి మనిషి, గొంతు మాత్రం బస్సు హారన్ లాంటిది. మొదటి టెస్టు పేపరు తెచ్చి నా ముందు పడేసి, "ఏందమ్మా ఇది? ఎవురింటి పెళ్ళికి పోయి రాసినావు, ఇంత మొహమాటంగా?" అన్నాడు. ప్రశ్నలు అయిదూ వేరు వేరు కంపెనీలవి. నేను అయిదింటికీ క్వాలిఫైడ్ అనే రాశాను.

ఆయన బోర్డు మీద ఒక ఇల్లు గీశాడు. "ఇల్లు చూసొచ్చి ఎట్లుండాదో చెప్పమన్నారు నిన్ను. అంతా బాగుంటే బాగుందని చెప్తావు, గొడవ లేదు. ఒక గోడకు పెచ్చు ఊడినాది. ఆ గోడ తప్ప ఇల్లు బాగుందంటావు. అది క్వాలిఫైడ్. తాళం వేసి నిన్ను లోపలికే రానీలేదు. ఏం చెప్తావు? నేను చూడలేదు, నేను చెప్పలేనంటావు. అది డిస్‌క్లెయిమర్. ఇంక నాలుగోది. లోపలికి పోయినావు, అంతా కళ్ళారా చూసినావు, పునాదే కుంగిపోయినాది. అప్పుడు ఏ గోడ తప్ప అంటావు? ఏ గది తప్ప అంటావు? ఈ ఇల్లు బాగలేదు అని చెప్పాలి. అడ్వర్స్ అంటే అది. చూడనప్పుడు చూడలేదని చెప్పు, చూసినాక మాత్రం చూడలేదనే మాట చాటున దాక్కోవద్దు."

అర్థం కాకపోవడానికి అందులో ఏముంది? అర్థమైంది. అయినా పరీక్షలో ఆ ప్రశ్న రాగానే చెయ్యి ఆగిపోయేది. తప్పు ఒకచోట ఉందా, అంతటా పాకిందా అని చూసి తేల్చాలి. అంతటా పాకిందని తెలుస్తూనే ఉండేది, చెయ్యి మాత్రం 'తప్ప' అని రాసేసేది. నేనొక్కదాన్నే కాదు. వరికుంటపాడు నుంచి వచ్చే పిల్లాడూ అంతే, కొండాపురం అక్కాచెల్లెళ్ళూ అంతే. ఒకరోజు మాస్టారు విసిగిపోయి నన్ను నిలబెట్టి, "తెలుగులోనే చెప్పు. ఈ లెక్కలు నిజం చెప్పడం లేదు. ఊఁ, గట్టిగా చెప్పు" అన్నాడు. ఎవరిదీ కాని కంపెనీ, పుస్తకంలో పుట్టి పుస్తకంలోనే పోయే కంపెనీ. దాని గురించి ఆ ఒక్క ముక్క అనలేక, 'కొన్ని లెక్కలు తప్ప' అని నసిగాను. మాస్టారు తల కొట్టుకున్నాడు. "నీ చేత ఈ మాట పలికించేది ఎవురో నాకు తెలవదు గానీ, నేను మాత్రం కాదు" అన్నాడు.

పరీక్షలు దగ్గర పడ్డాయి, చదువుకోవడానికి ట్యూషన్‌కు సెలవిచ్చారు. అప్పటికే వానలు పట్టుకుని వదలడం లేదు. ఏళ్ళ తరబడి మబ్బు కోసం మొహం వాచిన ఊళ్ళు మావి. మొదట్లో అందరూ సంబరపడ్డారు. తర్వాత తర్వాత బస్సులో అందరూ వాన గురించి మాట్లాడటం మానేశారు. మా పల్లెకు పోతూ, బస్సు మారడానికి ఉదయగిరిలో దిగి చూస్తే కొండ కనిపించలేదు. దుర్గం గోడలు, బురుజులు, అన్నిటినీ మబ్బు మింగేసింది. అంత పెద్ద కొండ ఉండాల్సిన చోట బూడిదరంగు గోడ ఒకటి నిలబడి ఉన్నట్టుంది. సీతారామపురం బస్సు వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. వచ్చినప్పుడు మాత్రం డ్రైవరు, "వాగు దాటేదాకానే గ్యారంటీ, ఆ పైన దేవుడు" అన్నాడు.

మా చెరువు నిండింది. నా ఎరుకలో అంత నీరు చూడటం అదే మొదలు. పై ఊరి ఆడవాళ్ళు పసుపు కుంకుమలు తెచ్చి నీళ్ళలో వదులుతున్నారు. అందరి మొహాల్లోనూ పండగే. నాయన మొహంలో మాత్రం లేదు. ఎప్పుడూ తూము పక్కన రాయి మీద కూర్చుని బీడీ కాల్చుకునే మనిషి, ఆ రోజు కూర్చోకుండా కట్ట ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉన్నాడు. బీడీ కూడా లేదు.

ఇంటికి పోతే అవ్వ పొయ్యి దగ్గర ఉంది. పొయ్యి గుంటలో నీళ్ళు ఊరుతున్నాయి. అవ్వ గరిటెతో తోడి బయట పోస్తోంది, మళ్ళీ ఊరుతున్నాయి. "ఏంది అవ్వా ఇది?" అంటే "జల్లు కొట్టినాదిలే" అంది. పైకి చూశాను. రేకులు ఎక్కడా కారడం లేదు. గోడలు పొడిగానే ఉన్నాయి. నీళ్ళు కింద నుంచి వస్తున్నాయి.

మరునాడు నాయన వెంట కట్ట మీదికి పోయాను. తూము కింద ఊట వస్తోంది. ఊట రావడం వింత కాదు, నిండిన చెరువుకు ఊట ఉంటుంది. తేటగా వస్తే భయం లేదని, ఎర్రగా మట్టిని మోసుకొస్తే కట్ట లోలోపల కరుగుతోందని చిన్నప్పటి నుంచీ నాయన నాకు చెప్పిందే. ఆ నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇంకొంచెం అవతల, సర్కారు తుమ్మ మొద్దు దగ్గర ఇంకో ఊట, అదీ ఎర్రగానే. కట్ట పైభాగాన పొడుగ్గా ఒక బీట. అందులో నా అరచెయ్యి నిలువుగా దిగింది. కింద మా ఇళ్ళ వెనక నేల కాలు పెడితే దిగబడుతోంది. ఒకచోట కాదు, ఎటు చూస్తే అటే.

మధ్యాహ్నం చెరువుల ఆఫీసరు ఫోన్ చేశాడు. రోజూ చేస్తాడట, అన్ని చెరువుల నీరుగంటులకూ. కట్ట మీద మావాళ్ళంతా చేరి ఉన్నారు. నాయన స్పీకర్ పెట్టాడు.

"అంతా బానే ఉండాది సార్. తూము కాడ కాస్త ఊట తప్ప."

సరే, రేపు మాట్లాడతానని ఆయన పెట్టేశాడు. నాయన అబద్ధాలకోరు కాదు. అబద్ధం చెప్పాడని కూడా నాకు అనిపించలేదు. ఆ 'తప్ప' అనే మాట నాయన నోట వినగానే నా టెస్టు పేపర్లన్నీ ఎర్రసిరాతో సహా కళ్ళముందు కదిలాయి. కోపం, భయం రెండూ కలిసి నా నోరు తెరిపించాయి.

"తూము కాడ కాస్త ఊటేంది నాయనా? తుమ్మ మొద్దు కాడిదో? బీట సంగతో? అవ్వ పొయ్యిలో నీళ్ళో?"

పెదనాయన అడ్డం వచ్చాడు. "నీకెందుకు పాపా. కట్ట లోపల ఏముండాదో ఎవురు చూసినారు? మనం చెప్పగలిగేది కాదది. దేవుడి దయ."

"లోపల చూడనక్కర్లేదు పెదనాయనా. బయటే కనపడతా ఉండాది అంతా. తాళం వేసిన ఇల్లు కాదిది. ఈ కట్ట నిలవదు. ఇళ్ళు ఖాళీ చేయండి."

అనేశాను. మాస్టారు ముందు ఎవరిదో కంపెనీ గురించి అనలేని దాన్ని, మా తాతల కట్ట గురించి అనేశాను. మా అత్త రెండు చెవులూ మూసుకుంది. "దాని నోరు పడిపోను, చదువుకుని ఇది నేర్చుకొచ్చినాదా" అని ఒకామె నా కాళ్ళ ముందు తుపుక్కున ఉమ్మింది. పూజకు వచ్చిన పై ఊరామె ఒకతె గబగబా వంగి గుప్పెడు పసుపు తీసి నీళ్ళలోకి విసిరింది. నీరుగంటే బాగుందంటుంటే నీకేంది నొప్పి అన్నారు. ఒక్కరు కూడా ఇంటి వైపు కదల్లేదు. కింద ఇళ్ళలో పసిపిల్లలు నిద్రపోతున్నారు, ముసలోళ్ళు మంచాల మీద ఉన్నారు, మా అవ్వ పొయ్యిలో నీళ్ళు తోడుకుంటోంది. అందరూ పైన నిలబడి నన్ను తిడుతున్నారు.

నాయన చేతిలో ఫోను లాక్కుని ఆఫీసరుకు నేనే చేశాను. చూసిందంతా చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు, కాదనను.

"నువ్వెవరమ్మా?" అన్నాడు.

నీరుగంటి కూతుర్ని అన్నాను.

"అయితే మీ నాయన్ని చెప్పమను. ఆయన నోటితో కట్ట నిలవదని చెబితే ఇప్పుడే ట్రాక్టర్లు పంపిస్తాను, ఇళ్ళు ఖాళీ చేయిస్తాను. నువ్వు చెబితే మా పైవాళ్ళకు నేనేం చెప్పుకోవాలి?"

చదువుకున్నదే అది. ఆడిట్‌కు పోయి గోడౌన్లు తిరిగేది, సరుకు తూచేది, తప్పులు పట్టేది ఎవరైనా సరే, కింద సంతకం పెట్టాల్సింది ఆడిటరే. ఆయన అభిప్రాయమే అభిప్రాయం. నేను ఫోను నాయన ముందుకు చాపాను. "చెప్పు నాయనా" అన్నాను.

నాయన వెంటనే తీసుకోలేదు. భుజం మీద తువ్వాలు తీసి తడి చేతులు తుడుచుకున్నాడు. నీళ్ళ వైపు చూశాడు, కింద ఇళ్ళ వైపు చూశాడు. నన్ను చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. లేదు. ఏదో దూర ప్రయాణానికి లేచిన మనిషిలా చూశాడు. ఫోను తీసుకున్నాడు.

"సార్, నేను నీరుగంటిని. ఈ కట్ట నిలవదు. ఈ పొద్దే తెగుద్ది. మనుషుల్ని తీసకపోండి."

నన్ను తిట్టిన నోళ్ళు ఒక్కటీ లేవలేదు. ఎవరూ నాయన్ని ఏమీ అనలేదు. నాకు తిట్లే నయమనిపించింది. ముందు మా అత్త కదిలింది. తర్వాత అందరూ కట్ట దిగి ఇళ్ళ వైపు పరిగెత్తారు. మంచాల మీద వాళ్ళను మంచాలతోనే ఎత్తారు. ట్రాక్టర్లు వచ్చాయి. చర్చి మిట్ట మీద ఉంటుంది, అందరినీ అక్కడికి చేర్చారు. అవ్వ పొయ్యి వదిలి రానంటే పెదనాయన ఎత్తుకుని మోసుకొచ్చాడు. అందరికంటే వెనక నాయన వచ్చాడు.

పొద్దు గూకక ముందే పోయింది కట్ట. పెద్ద చప్పుడవుతుందని అనుకున్నాను. కాలేదు. తూము పక్కనున్న సర్కారు తుమ్మ చెట్టొకటి పడకుండా నిలువుగానే కదిలి, మనిషి నడిచినట్టు ముందుకు నడిచింది. దాని వెనక ఎర్రటి నీళ్ళు. మా ఇల్లు ఉన్న వరసంతా చూస్తుండగానే లేకుండా పోయింది. చర్చి వరండాలో ఎవరూ ఏడవలేదు. తలలు లెక్కపెట్టుకున్నారు, అందరూ ఉన్నారు. వెనక నుంచి ఎవరో మెల్లగా, "అన్నారు. అయినాది" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు.

పరీక్ష నెల్లూరులో రాశాను. అలాంటి ప్రశ్నే వచ్చింది. సరుకు విలువ తప్పు, అమ్మకాలు తప్పు, అప్పులు చూపలేదు, ఒకదానికొకటి అల్లుకుపోయి ఏదీ విడిగా తీయలేని తప్పులు. అడ్వర్స్ ఒపీనియన్ అని రాశాను. ఎందుకో రాశాను, రిపోర్టులో ఉండాల్సిన వాక్యం అక్షరం పొల్లు పోకుండా రాశాను. చెయ్యి ఆగలేదు. పేపరు పాసైంది. మాస్టారు మందుల షాపు వాళ్ళకు కూడా మిఠాయి పంచాడు. "చూసినావా, ఒక్క మాట, సరైన చోట!" అని ఒకటే సంబరం. నేను నా మిఠాయిని కాగితంలో చుట్టి సంచిలో పెట్టేసుకున్నాను.

ప్రభుత్వం కట్ట మళ్ళీ కట్టింది, మాకు చర్చి మిట్ట దగ్గర ఇళ్ళిచ్చారు. మరుసటి వానలకు చెరువు నిండి కలుజు పారింది. మిగులు నీరు అలా మొదటిసారి పొర్లిన రోజున నీరుగంటి కట్ట మీద కొబ్బరికాయ కొడతాడు, ఊరు ఆయనకు కొత్త తువ్వాలు కప్పుతుంది. నేను ఇంట్లోనే ఉన్నాను. చెరువు వైపు నుంచి డప్పులు వినిపించాయి. నాయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన్ని ఎవరూ పిలవలేదు. పెదనాయన కొడుకు కాయ కొడుతున్నాడని అత్త చెప్పిపోయింది.

నాకు తిక్క రేగింది. "ఎవురి మాట వల్ల బతికినారు వీళ్ళంతా? నిన్ను తీసేసేదానికి వీళ్ళెవురు? ఇప్పుడే పోయి అడుగుతా" అని లేచాను.

"కూచో పాపా. ఎవురూ తీసెయ్యలేదు" అన్నాడు నాయన. "కట్ట మీద ఆ మాట అన్న నీరుగంటి మళ్ళీ కట్ట ఎక్కకూడదు. మా నాయన నాకు పని అప్పజెప్పిన రోజే చెప్పినాడు. నువ్వు ఫోను చేతికిచ్చినప్పుడు ఆ సంగతి నీకు తెలీదు. నాకు తెలుసు."

నాకు ఏడుపొచ్చింది. ఆయన పక్కనే నేల మీద కూర్చుండిపోయాను. డప్పులు ఆగేదాకా మేమిద్దరం అక్కడి నుంచి లేవలేదు.